అరవై ఏడు అంగుళాల బెల్టు

ఫిబ్రవరి 8, సోమవారం

ఇవాళ కూడా కారు ముందు సీటు వెనక్కి జరిపే ఉంది.

ఆ సీటు నాది. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు నా కాళ్ళకి అందేట్టు ముందుకి లాక్కుంటాను. సోమవారం సాయంత్రానికల్లా అది మళ్ళీ వెనక్కి పోతుంది. టాక్సీ అన్నాక పదిమంది ఎక్కుతారు, వాళ్ళలో పొడుగువాళ్ళూ ఉంటారు అంటాడు మా ఆయన న్యార్కో. నిజమే. కానీ పదిమంది పొడుగువాళ్ళూ ఒకే సెంటు పూసుకోరు కదా.

ఈ పుస్తకం ముందు వైపు బట్టలు కుట్టించుకునేవాళ్ళ కొలతలు రాస్తాను. ఇవాళ వెనక వైపు నుంచి ఇది మొదలుపెట్టాను. నోటితో అంటే గొడవవుతుంది. గొడవైతే ఆయన తినడు, ఆయన తినకపోతే నాకూ దిగదు. రాసుకుంటే ఇద్దరం తింటాం. నా కుట్టుమెషీను దగ్గరి వస్తువులు ఆయన ముట్టుకోడు.

నాకు అసూయ లేదు. సీటు గురించి రాశానంతే.

ఫిబ్రవరి 9

ఆ సెంటు మనిషి పేరు దుఫీ. నేను అడగలేదు. నా కొట్టు పక్కన బొబ్బర్లన్నం అమ్మే హజరా ఆంటీయే చెప్పింది.

ఫిబ్రవరి 11, గురువారం

హజరా ఆంటీ బొబ్బర్లూ బియ్యమూ కలిపి వండిన వాక్యే ఆకులో కడుతూ, నేను అడక్కపోయినా మళ్ళీ చెప్పింది.

"రోజూ ఏడింటికి తాఫో జంక్షన్లో ఎక్కుతుందమ్మా. ఏదో పెద్ద హోటల్లో పనట. నీ మొగుడి కారు ఇప్పుడు ఫ్రిజ్ అయిపోయింది. అద్దాలు ఎత్తుకుని పోతా ఉంటాడు, నేను చెయ్యూపి పిలిచినా వినపడదు."

"ఏసీ వేస్తే అద్దాలు ఎత్తాలిగా ఆంటీ."

"ఎత్తాలి మరి. లోపలి చల్లదనం బయటికి పోకూడదు. లోపలి మాటలూ పోకూడదు."

అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ వేసిన మిరపకాయ పచ్చడి కన్నా ఆ నవ్వే ఎక్కువ మండింది.

ఈ కారు కొన్నరోజు ఏసీ పనిచేస్తోందని సంబరపడి వీధంతా చెప్పుకున్నది నేనే. మా స్టాండులో ఇంకే కారుకీ ఏసీ లేదు. ఉన్నవాళ్ళవి కూడా ఎప్పుడో చెడిపోయాయి. గాలి వచ్చే రంధ్రాల ముందు ముఖం పెట్టి, న్యార్కో, ఇక మనకి మంచి జనమే ఎక్కుతారు అన్నాను. ఎక్కింది.

ఫిబ్రవరి 13, శనివారం

ఆవిడే నా కొట్టుకి వచ్చింది.

మా వీధిలో పదహారుమంది దర్జీలున్నారు. అందర్నీ దాటుకుని వచ్చింది. మెషీను మీద దించిన తల ఎత్తేలోపే సెంటు వాసన తగిలింది. పొడుగు మనిషి. మెడ ఇంకా పొడుగు.

"గుడ్ మార్నింగ్ మేడమ్. మిస్టర్ న్యార్కో వాళ్ళావిడ మీరే కదా?"

మిస్టర్ న్యార్కో! పదకొండేళ్ళ కాపురంలో ఆయన్ని మిస్టర్ అన్నవాళ్ళని చూడలేదు. స్టాండులో ఆయన పేరు పైలట్. అదీ ఎగతాళికి.

"అవునమ్మా, రండి," అన్నాను. నా గొంతు నాకే తియ్యగా వినిపించి అసహ్యం వేసింది.

ఈస్టర్‌కి కాబా కుట్టాలట. రవికా, కింద పొడుగు లంగా. బట్ట మంచిది, నీలం మీద బంగారు రంగు పిట్టలు. టేపు తీశాను. ఛాతీ ముప్పై నాలుగు, నడుము ఇరవై ఎనిమిది. ఇరవై ఎనిమిది! టేపు కాస్త బిగించి మళ్ళీ చూశాను. వదిలేసి చూశాను. అంతే ఉంది.

"మీరు అదృష్టవంతులు మేడమ్," అంది చేతులు పైకెత్తి నిలబడి. "ఆయన ఎంత ఓపిగ్గా వింటారో. నేను పొద్దున్నే ఏవేవో చెబుతూనే ఉంటాను."

వింటాడా? ఇంట్లో గ్యాస్ అయిపోయిందని మూడుసార్లు చెప్పినా, ఆఁ అంటాడు కానీ చెవికెక్కదు. ఆ చెవులు అక్కడ ఖర్చయిపోతున్నాయన్నమాట.

"ఏం చెబుతుంటారమ్మా?" అన్నాను నోట్లో గుండుసూదులు పెట్టుకుని.

"అయ్యో, ఏముంది మేడమ్, పనికిరాని కబుర్లు."

పనికిరాని కబుర్లే అసలైనవి. పనికొచ్చే కబుర్లు ఎవరితోనైనా చెప్పుకోవచ్చు.

సాయంత్రం ఆయన్ని అడిగాను. "నీ కస్టమర్ని నా దగ్గరికి పంపావట?"

"ఆఁ. నువ్వు బాగా కుడతావని చెప్పా."

"ఇంకేం చెప్పావు నా గురించి?"

"ఇంకేం ఉంటుంది?" అన్నాడు.

అదే నేనూ అడిగేది. ఇంకేం లేదా?

ఫిబ్రవరి 16, మంగళవారం

మధ్యాహ్నం తమ్ముడు తవియాకి తిండి పట్టుకుని సువామె మెకానిక్ షెడ్లకి వెళ్ళాను. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. పెళ్ళికాలేదు కాబట్టి ఇంకా తిండి పెడుతూనే ఉన్నాను. వాడు ఒక టాక్సీ బానెట్ ఎత్తి, ఇంజను ముందున్న చక్రాల చుట్టూ దారం చుడుతున్నాడు.

"ఏంట్రా అది? ఇంజనుకి కొలతలు తీస్తున్నావా?"

"అదేనక్కా. చూడు, ఈ పుల్లీలన్నిట్నీ ఒకటే బెల్టు తిప్పుద్ది. ఇది నీళ్ళ పంపుది, ఇది బ్యాటరీకి కరెంటిచ్చే డైనమోది, ఇదేమో ఏసీ కంప్రెసర్ది. ఈ ఏసీ పుల్లీ బేరింగ్ పోయింది. బిగుసుకుందంటే బెల్టు తెగుద్ది. బెల్టు తెగితే నీళ్ళ పంపూ ఆగుద్ది, బండి నడిరోడ్డు మీద కూర్చుంటది. కొత్త కంప్రెసర్ వేయించే స్తోమత ఈయనకి లేదు. అందుకని ఏసీ పుల్లీని తప్పించి, మిగతా వాటి చుట్టూ కొలిచి, పొట్టి బెల్టు వేస్తా."

"అప్పుడు బండి నడుస్తుందా?"

"దర్జాగా. ఏసీ ఒక్కటే రాదు."

ఏసీ ఒక్కటే రాదు. తిరిగొచ్చేటప్పుడు ట్రోట్రో వ్యానులో నలుగురి మధ్య ఇరుక్కుని చెమటలు కారుతున్నా, దారంతా ఆ మాటే నమిలాను.

ఫిబ్రవరి 17

కాదు. అలాంటి పని చేయను. ఏ ఆడదీ చేయదు.

ఫిబ్రవరి 18, గురువారం

చేశాను.

ఆయిల్ మార్చమని న్యార్కో కారుని తవియా దగ్గర వదిలి డ్రైవర్ల సంఘం మీటింగుకి వెళ్ళాడు. నేను పావుగంటలో అక్కడున్నాను.

"నీకేమైనా పిచ్చా అక్కా? బావ ఏసీ నిక్షేపంలా ఉంది. బాగున్నదాన్ని తప్పించడమేంటి?"

"పుల్లీ బేరింగ్ పోయిందని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాడు."

"నమ్ముతాడు కాబట్టే చెప్పలేను."

అప్పుడు ఏడ్చాను. కావాలని ఏడవలేదు. మొదలుపెట్టింది కావాలనే, కానీ తర్వాత ఆగలేదు. ఆ సీటు సంగతి, సెంటు సంగతి, ఇరవై ఎనిమిది సంగతి అన్నీ చెప్పాను. తవియా చేతిలోని స్పానరు అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు.

"బావ అలాంటోడు కాదక్కా."

"ఎలాంటోడో నీకెలా తెలుసురా? నువ్వు ఆయన పక్క సీట్లో కూర్చున్నావా?"

చివరికి దారం తీసి, పుల్లీల చుట్టూ చుట్టి నా చేతికిచ్చాడు. వాడి చేతుల నిండా నూనె. "కొలత నువ్వే చూడు, చూసి కొట్లోంచి పట్టుకురా, నాకీ పాపం వద్దు," అన్నాడు. నా టేపు అరవై అంగుళాలతో అయిపోతుంది. అక్కడ బొటనవేలితో పట్టుకుని మళ్ళీ మొదట్నుంచి కొలిచాను. అరవై ఆరు, వదులుకి ఒకటి, అరవై ఏడు. పక్క కొట్లో బెల్టులన్నీ మేకులకి వేలాడుతున్నాయి. అరవై ఏడు అంగుళాలదివ్వండి అన్నాను. రవిక హుక్కులు కొన్నంత తేలిగ్గా కొనేశాను.

పాత బెల్టు ఏం చేయాలని తవియా అడిగాడు. నేనే తెచ్చుకుని గుడ్డపీలికల బస్తాలో అడుగున కుక్కాను. బేరింగ్ పోయిందని బావకి చెప్పడానికి వాడు ఒప్పుకున్నాడు.

ఫిబ్రవరి 19, శుక్రవారం

పొద్దున కారు స్టార్ట్ చేయగానే కీచుమని అరిచింది. వీధిలో కుక్కలు కూడా లేచాయి.

"కొత్త బెల్టు కదా, సర్దుకుంటుందట," అన్నాను.

"నీకెవరు చెప్పారు?"

"తవియా. దారిలో కలిశాడు."

"ఓహో," అన్నాడు. నా వైపు చూడలేదు. చూశాడేమో, నేను చూడలేదు.

సాయంత్రం వచ్చాక బానెట్ ఎత్తి అలా నిలబడ్డాడు. చాలాసేపు. టాక్సీవాళ్ళకి అదొక అలవాటు. ఏమీ లేకపోయినా ఎత్తి చూస్తుంటారు.

ఫిబ్రవరి 22, సోమవారం

ఆవిడ ఎక్కింది! ఏసీ లేకపోయినా ఎక్కింది.

అద్దాలు దించుకుని, తలకి గుడ్డ కట్టుకుని, చేత్తో విసురుకుంటూ వెళ్ళిందట. హజరా ఆంటీ తలగుడ్డ రంగుతో సహా చెప్పింది. నేనేమనుకున్నాను? చల్లగాలి కోసం ఎక్కుతోంది, గాలి ఆపేస్తే దిగిపోతుంది అనుకున్నాను. అంటే గాలి కోసం కాదన్నమాట. మనిషి కోసమే అన్నమాట. ఏసీ ఉన్నంతకాలం కనీసం ఏసీ కోసం అని అనుకునే వీలుండేది. దాన్ని నా చేతులతో నేనే తీసేసుకున్నాను.

ఆవిడ బట్ట ఇంకా కోయలేదు. కత్తెరకి పదును లేదు.

ఫిబ్రవరి 23

కత్తెర పదును పెట్టించాను. ఐనా కోయలేదు.

ఫిబ్రవరి 26, శుక్రవారం

రెండు రోజుల్నించి ఆవిడ మా కారు ఎక్కడం లేదు. ఆదుమ్ నుంచి వచ్చే తెల్లకారు ఒకటి ఆగుతోందట, అద్దాలు ఎత్తి ఉన్నాయట. ఎండ మండిపోతోంది. తారు చెప్పులకి అంటుకుంటోంది. హోటల్లో ముందు కూర్చుని వచ్చేవాళ్ళని పలకరించే మనిషి చెమట మరకల జాకెట్టుతో ఎన్నాళ్ళని వెళుతుంది?

ఇవాళ పామాయిల్ పళ్ళ పులుసు పెట్టి, కర్రపెండలం ఉడకబెట్టి ఫూఫూ దంచాను. దంచుతూ పాట కూడా పాడాను. మా పాప వింతగా చూసింది. చేపముక్క పెద్దది ఆయన గిన్నెలోనే వేశాను.

"ఏంటి విశేషం?" అన్నాడు.

"ఏం, విశేషం ఉంటేనే వండాలా?"

తిన్నాడు. బాగుంది అని మాత్రం అనలేదు.

ఫిబ్రవరి 29

ముందు సీటు నేను వదిలినచోటే ఉంది.

మార్చి 1, మంగళవారం

సీటు ఉన్నచోట ఉంది, మనిషే లేడు. వస్తాడు, చేతులు కడుక్కుంటాడు, తింటాడు, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. వీపు నిండా చెమట పొక్కులు. రోజంతా ఆ పెనం మీద కూర్చుని తిప్పుతున్నాడు మరి. పౌడరు రాయనా అంటే వద్దన్నాడు.

ఎవరి కోసం ఈ మౌనం? ఆవిడ ఉన్నప్పుడు కనీసం ఇంటికి నవ్వుతూ వచ్చేవాడు. అప్పుడు ఆ నవ్వు చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు నవ్వకపోతే, ఆవిడ లేదని నవ్వడం లేదని కుళ్ళుకుంటున్నాను.

కుళ్ళు అని రాశాను. సరే, రాశాను. అసూయే. ఉంది. ఎదురుగా లేని ఆడదాని మీద ఇంకా ఎక్కువైంది.

మార్చి 4, శుక్రవారం

బ్యాటరీ దిగిపోయింది. బెల్టు జారుతోందట, డైనమో సరిగ్గా తిరగడం లేదట. పొద్దున్నే వీధిలో నలుగురు కలిసి కారు తోశారు. నేనూ తోశాను. కీచుమంటూ అంటుకుంది.

"పైలట్, నీ విమానం ఏడుస్తోందయ్యా!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

తవియాకి ఫోన్ చేసి తిట్టాను. "బిగించే బోల్టు చివరిదాకా తిప్పేశానక్కా, ఇంక చోటు లేదు. బెల్టే ఒదులు. నువ్వు కొలిచిందేగా," అన్నాడు. నా కొలత తప్పదు. వాడి దారమే సాగి ఉంటుంది.

మార్చి 8

దుఫీ కాబా కుట్టేశాను. ఆ నడుము దగ్గర బిగించి కుడదామనుకున్నాను, ఊపిరాడకుండా. చేతులు ఒప్పుకోలేదు. సరిగ్గానే కుట్టాను. బాగా కుదిరింది కూడా, దరిద్రం.

మార్చి 12, శనివారం

దీన్ని ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

దుఫీ బట్టల కోసం వచ్చింది. తెర వెనక వేసుకుని చూసుకుంది. అద్దం ముందు ఇటు తిరిగి అటు తిరిగి, "ఇంత బాగా ఎవరూ కుట్టలేదు మేడమ్," అంది. నేను దారాలు కత్తిరిస్తూ కింద కూర్చున్నాను. అప్పుడు అంది, పైనుంచి.

"ఆ కంప్రెసర్ ఇప్పుడే పోవాలా చెప్పండి! ఇంకో నెల ఆగితే ఏం?"

"ఎందుకమ్మా?"

"ఆయన మీకు చెప్పలేదా?" అని ఆగింది. చెప్పకూడనిది చెప్పేసిన ముఖం పెట్టింది. కానీ చెప్పింది.

వాళ్ళ హోటల్‌కి సొంతంగా ఒక టాక్సీ కావాలట. ఏడాది పొడుగునా, దిగే అతిథులకి, వెళ్ళే అతిథులకి. ఇక స్టాండులో ఎండలో నిలబడి జనాన్ని పిలవక్కర్లేదు. కారు శుభ్రంగా ఉండాలి, మనిషి మర్యాదగా ఉండాలి, ఏసీ చల్లగా ఉండాలి. జాబితాలో మొదటి పేరు న్యార్కోదే. ఆవిడే రాయించింది. రోజూ ఆ కారులోనే వచ్చి గేటు ముందు దిగింది కూడా మేనేజరు కళ్ళలో పడాలనేనట. ఏసీ పోయాక కూడా మూడు నాలుగు రోజులు అందుకే ఎక్కిందట, పాడవగానే వదిలేసిందని ఆయన బాధపడకూడదని.

"బాగుచేయించుకోండి మిస్టర్ న్యార్కో, నాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు అని నాలుగుసార్లు చెప్పాను మేడమ్. వద్దన్నారు. ఎందుకో అర్థం కాలేదు. సోమవారం మేనేజరు చివరిసారి కార్లు చూస్తారు. అప్పటికి చల్లగా ఉంటే సరే, లేకపోతే ఆ తెల్లకారువాడికే."

ఆవిడ వెళ్ళిపోయాక కింద రాలిన దారాలు ఏరాను. ముందు న్యార్కో కోసం బాధపడాలి కదా. నాకు ముందొచ్చిన ఆలోచన ఏంటంటే, ఇంత పెద్ద సంగతి ఆవిడకి తెలుసు, నాకు తెలియదు.

మార్చి 13, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక పాపని హజరా ఆంటీ దగ్గరికి పంపేశాను. బస్తా కుమ్మరించి పాత బెల్టు తీశాను. పీలికల దారాలు అంటుకుని ఉన్నాయి. అలాగే తీసుకెళ్ళి ఆయన తింటున్న బల్ల మీద పెట్టాను.

"పుల్లీ పోలేదు," అన్నాను. "నేనే తీయించాను."

ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా మింగాడు.

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"మొదటి రోజు సాయంత్రం. బానెట్ ఎత్తి ఆ పుల్లీని వేలితో తిప్పా. చప్పుడు లేకుండా గిర్రున తిరిగింది. బేరింగ్ పోయిన పుల్లీ అలా తిరగదు సెర్వా. పదహారేళ్ళుగా నడుపుతున్నా."

"తవియా చేశాడనుకున్నావా?"

"తవియా బెల్టు కొలతలో తప్పు చేయడు. వేసినది అంగుళం పెద్దది." చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. "ఏది కొలిచినా వదులుకి ఒక అంగుళం కలిపేది ఈ ఇంట్లో ఒక్కతే ఉంది."

అప్పుడు గుర్తొచ్చింది. అరవై ఆరు, వదులుకి ఒకటి. రవికలకి కలిపినట్టు ఇంజనుకీ కలిపేశాను. నవ్వొచ్చింది, నవ్వితే చంపేస్తాడని ఏడ్చాను.

"తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నావు? తిట్టొచ్చుగా. బెల్టు మార్పించుకోవచ్చుగా."

"కోపమొచ్చింది. అందుకే మాట్లాడలేదు. నువ్వే వచ్చి చెబుతావేమో అని చూశా. ఇరవై మూడు రోజులు చూశా."

"మరి హోటలు? అది నాకెందుకు చెప్పలేదు? ఆవిడకి తెలుసు, నాకు తెలియదు!"

"విమానాశ్రయం పని సంగతి నీకు ముందే చెప్పా. ఏమైంది? నువ్వు హజరా ఆంటీకి చెప్పావు, ఆవిడ వాక్యేతో పాటు అందరికీ కట్టి ఇచ్చింది. పని రాలేదు. నాలుగేళ్ళయింది, ఇంకా నన్ను పైలట్ అనే పిలుస్తున్నారు. ఈసారి చేతికొచ్చాకే చెబుదామనుకున్నా."

అప్పుడు చెప్పింది నేనే. ఐనా అడిగాను, అడక్కుండా ఉండలేను. "ఆవిడతో ఉంటే నీకు బాగుండేదా?"

ఆయన తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"బాగుండేది. మిస్టర్ న్యార్కో అనేది. తలుపు మెల్లిగా వేసేది. చల్లగా కూర్చుని మనుషుల్లా మాట్లాడుకునేవాళ్ళం. అంతకుమించి ఏం లేదు. అబద్ధం చెబితే నువ్వు పట్టేస్తావు, నిజం చెబితే నమ్మవు. నన్నేం చేయమంటావు?"

నమ్మాను. ముప్పాతిక. ఆ బాగుండేది అన్న మాట మాత్రం గుండెలో ముల్లులా దిగబడిపోయింది. నిజం అడిగింది నేనే మరి.

సాయంత్రం ఎండ తగ్గాక బానెట్ ఎత్తాడు. తవియాని పిలవద్దన్నాడు. బోల్టు ఆయన వదులు చేశాడు, పొట్టి బెల్టు నేను లాగాను. పాత బెల్టుకున్న దారాలన్నీ ఏరి, ఆయన చెప్పిన వరసలో ఒక్కో చక్రం మీదికి ఎక్కించాను. చివర్లో ఏసీ పుల్లీ. గోళ్ళ నిండా నల్లటి మసి. స్టార్ట్ చేస్తే కారు కిక్కురుమనలేదు. లోపల కూర్చుని అద్దాలు ఎత్తి ఏసీ వేశాడు. చల్లగానే వచ్చింది.

నేను పక్క సీట్లో కూర్చుని చెయ్యి రంధ్రాల ముందు పెట్టాను.

"సోమవారం రమ్మంది ఆవిడ," అన్నాను.

"వెళ్ళమంటావా?"

"అదేం ప్రశ్న?"

"అదే ప్రశ్న. అక్కడ పనిచేస్తే ఆవిడ రోజూ కనిపిస్తుంది. ముందు బల్ల దగ్గర కూర్చునేది ఆవిడే, నాకు పని చెప్పేదీ ఆవిడే. నేను అక్కడ తిరుగుతుంటే నువ్వు ఇక్కడ కుమిలిపోతావు. మళ్ళీ ఒకరోజు ఇంకేదో పీకేస్తావు. బెల్టు ఐతే సరిపోయింది, బ్రేకులైతే?"

"నేనంత దాన్నా?"

"నాకు తెలియదు. అందుకే అడుగుతున్నా. నువ్వు వెళ్ళమంటే వెళ్తా. వద్దంటే స్టాండు ఎలాగూ ఉంది. పొద్దున ఏడులోపు చెప్పు."

మార్చి 14, సోమవారం

ఐదున్నర. చెప్పలేదు.

ఆరు. ఆయన కారు తుడుస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా కుట్టింది నేనే. దాంట్లో ఇంత బాగుంటాడని కుట్టేటప్పుడు తెలియలేదు.

ఆరూ నలభై. వద్దు అంటే ఐపోతుంది. ఒక్క మాట. ఆయన ఏమీ అనడు. గోడ వైపు తిరిగి పడుకుంటాడు, వీపు నిండా పొక్కులతో. నేను గెలిచి ఆ వీపుని చూస్తూ పడుకుంటాను.

---

వెళ్ళమన్నాను.

ఏడుకి ఐదు నిమిషాలుండగా బయటికెళ్ళి, కారు కిటికీలో తల పెట్టి చెప్పాను. "వెళ్ళు. కానీ ఒకటి. అక్కడ ఆవిడ నీతో ఏమన్నా, నువ్వు ఆవిడతో ఏమన్నా, సాయంత్రం వచ్చి ఒక్క మాట వదలకుండా నాకు చెప్పాలి."

"ప్రతీ మాటా?"

"దగ్గినా చెప్పాలి."

"సరే," అన్నాడు. ఇరవై నాలుగు రోజుల తర్వాత నా వైపు చూసి నవ్వాడు. కారు చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. కీచుమని ఉంటే ఎంతదూరం వెళ్ళాడో తెలిసేది.

ఎనిమిది. చేరే ఉంటాడు.

పది. ఒక లాగుకి రెండు కాళ్ళూ కలిపి కుట్టేశాను. విప్పుతున్నాను.

పన్నెండు. హజరా ఆంటీ వచ్చి, "మీ ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని అద్దాలెత్తుకుని ఎక్కడికే?" అంది. నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఏదో పెళ్ళివాళ్ళు మాట్లాడుకున్నారు ఆంటీ అన్నాను. ఆవిడకి నేను ఒక సంగతి దాచడం ఇదే మొదలు.

మూడు. నేనే పంపాను. ఎవరూ తోయలేదు. నేనే పంపాను.

మార్చి 15, మంగళవారం

పని వచ్చింది. మేనేజరు రంధ్రాల ముందు చెయ్యి పెట్టి చూసి, సీట్ల కింద చూసి, ఈస్టర్ నుంచి రమ్మన్నాడట.

అది చెప్పడానికి ఆయనకి ఒక్క నిమిషం పట్టింది. తక్కినది చెప్పడానికి గంట పట్టింది. నిన్న రాత్రి అన్నం తిన్నాక చాప మీద కూర్చోబెట్టుకుని, వేళ్ళు మడుస్తూ, వరసగా చెప్పాడు. గుడ్ మార్నింగ్ మిస్టర్ న్యార్కో అంది. గుడ్ మార్నింగ్ మిస్ దుఫీ అన్నా. ఏసీ బాగైందా అంది. బాగైంది అన్నా. ఏం లోపమట అంది. బెల్టు అన్నా.

"బెల్టు అని ఊరుకున్నావా?"

"ఊరుకున్నా."

"నా సంగతి చెప్పలేదూ?"

"మా ఆవిడే దగ్గరుండి మార్పించిందన్నా. అబద్ధమా?"

తర్వాత టైర్ల సంగతి మాట్లాడారట. తర్వాత కాబా నడుము దగ్గర ఎంత బాగా కుదిరిందో చెప్పిందట. దానికేమన్నావు అంటే, ఆహా అన్నా అన్నాడు. ఆహా ఎలా అన్నావు, అని చూపించు అన్నాను. అని చూపించాడు. మామూలు ఆహానే. తర్వాత వాళ్ళమ్మ మోకాలి నొప్పి. ఏ డాక్టరుకి చూపించారు, ఏ ఆకు వేసి కాపడం పెట్టారు, వాపు ఎడమ మోకాలికా కుడి మోకాలికా. ఈ పనికిరాని కబుర్ల కోసమా నేను నెలరోజులు చచ్చాను? కుడి మోకాలి దగ్గర ఎక్కడో నాకు నిద్ర పట్టేసింది.

పొద్దున లేచి చూస్తే నా మీద దుప్పటి కప్పి ఉంది. ఆయన కాఫీ కలుపుతున్నాడు.

"మోకాలి తర్వాత ఏం చెప్పింది?" అన్నాను.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పమంటావా?"

"వద్దులే," అన్నాను.

కాఫీ సగం తాగాక, చెప్పమన్నాను.